భయానకమున హాస్యము

భరతముని హాస్యమునకు శృంగారమును, భయానకమునకు బీభత్సమును మూలములని చెప్పియున్నాడు. వేఱుగా బుట్టిన యీ రెండు రసములును ఒక్క నటి యందు కలసి పండుట యరుదు. అట్టి నటియే అమెరికా దేశమున 1951లో జన్మించిన కెసాండ్రా పీటర్సన్.

పసితనమున నామె పొయ్యిమీది మరుగునీళ్ల పాత్రను మీదికి లాగికొనగా మేనిలో 35 శాతమునకు మించి కాలెను. బ్రతికెను గాని మచ్చలు మిగిలెను. 1959లో వెలువడిన 'హౌస్ ఆన్ హాంటెడ్ హిల్' అను చిత్రమును బాల్యమున జూచినది మొదలు భయానక కథలయందే యామెకు మక్కువ కలిగెను.

తొలుత లాస్ వేగాస్ నగరమున నర్తకియై, పిదప ఇటలీ కేగి ఫెలినీగారి 'రోమా' (1972) చిత్రమున చిన్న వేషము ధరించెను. అనంతరము లాస్ ఏంజెలెస్ నగరమున 'గ్రౌండ్లింగ్స్' అను హాస్యబృందమున జేరి, అప్పటికప్పుడు సంభాషణము లల్లు నేర్పు గడించెను. 1981లో నొక టెలివిజన్ కేంద్రమువారు పాత భయానక చిత్రములను జూపునపుడు నడుమ వ్యాఖ్యానించుటకై యామెను నియమించిరి. నల్లని యుడుపు, ఎత్తైన కొప్పు, పాలిపోయిన మొగము: ఇట్లు 'ఎల్వైరా' పాత్ర రూపొందెను. 1954లోనే మైలా నుర్మి 'వాంపైరా' వేషమున నీ త్రోవ తొక్కియుండెను. పీటర్సన్ దానికి హాస్యమును దండిగా జోడించెను. నాసిరకపు చిత్రములను సయితము ఆమె పరిహాసములకై జనులు తుదివరకు జూచుచుండిరి.

ఆమె కలమును విడువలేదు. 1988లో ఎల్వైరా పాత్రతో వెలువడిన చిత్రమును మఱి యిద్దఱితో గూడి రచించెను. 2001 నాటి 'ఎల్వైరాస్ హాంటెడ్ హిల్స్'కు కథ కూర్చుటయే గాక సొంత ధనమును వెచ్చించెను. 2021లో స్వీయచరిత్రము ప్రకటించి, 19 ఏండ్లుగా నొక స్త్రీతో జీవితము పంచుకొనుచున్నట్లు అందు తెలిపెను. దయ్యములను జూచి నవ్విన యామె యంతకాలము లోకుల మాటకు వెఱచి మౌనము వహించెను గదా! లోకాపవాదభీతి భూతభీతికంటె బలవత్తరమని మనకు మాత్రము తెలియదా?

కావున పిల్లలు దయ్యముల కథ లడిగినచో కసరక చెప్పుడని మా మనవి. కథలోని భయము నవ్వుతో దీరును. పొయ్యిమీది మరుగునీళ్ల విషయమున మాత్రము నవ్వు పనికిరాదు. పాత్ర పసివారి చేతి కందనిచోట నుంచుడు.