చూపు లేని చోట మెదడు ఏమి చేస్తుంది?

జన్మాంధుడైన పిల్లవాడు అడుగుల చప్పుడును బట్టి మనిషిని పోల్చుకొన్నప్పుడు, "దేవుడు ఒకటి తీసుకొని మరొకటి ఇచ్చాడు" అని పెద్దలు అనడం కద్దు. ఎ.కొండూరు ప్రాంతపు వారమైన మేమూ చిన్ననాటినుండి ఈ మాట వింటున్నవారమే. ఆ ఇచ్చిన దేమిటో శాస్త్రజ్ఞులు కొన్ని దశాబ్దాలుగా పరిశోధిస్తున్నారు.

మెదడు వెనుకభాగం చూపుకు సంబంధించినది. కన్ను పనిచేయకుంటే ఆ భాగం పాడుబడిన ఇల్లువలె ఉండిపోవలసినదే కదా! కాని, బాల్యంలోనే చూపు పోయినవారు వ్రేళ్లతో బ్రెయిలీ చదువుతూ ఉండగా ఆ భాగమే చురుకుగా పనిచేస్తున్నదని 1996లో సదాతో ప్రభృతులు ప్రకటించారు. మరుసటి ఏడు, అయస్కాంత ప్రేరణతో ఆ భాగానికి క్షణకాలం అంతరాయం కలిగించగా వారు చదవడంలో తప్పులు చేశారు. 2000లో వెలువడిన ఒక వృత్తాంతం మరింత ఆశ్చర్యకరం. బ్రెయిలీలో ఆరితేరిన ఒక అంధ మహిళకు రక్తప్రసారం ఆగి మెదడు వెనుకభాగం రెండు వైపులా దెబ్బతిన్నది. వ్రేళ్లకు స్పర్శ పోలేదు. చదువు మాత్రం పోయింది.

ఒక చేయి లేకుండా పుట్టినవారిలో కూడ, ఆ చేతికి చెందవలసిన మెదడు భాగం పాదాలు, పెదవులు కదిలినప్పుడు స్పందిస్తున్నదని 2017లో తేలింది. అయితే ఇది మెదడు కొత్త శక్తిని సృష్టించుకోవడం కాదనీ, లోపల ముందే ఉన్న శక్తి అభ్యాసంచేత బలపడడమేననీ 2023లో మేకిన్, క్రాకౌర్ అనే శాస్త్రజ్ఞులు వాదించారు. మాకు ఈ వాదమే సమంజసంగా తోస్తున్నది. అభ్యాసమే కారణమైతే, అభ్యాసానికి అవకాశం ఇవ్వని పాఠశాలల బాధ్యత మాటేమిటి?

మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో 1991లో జన్మించిన బొల్లా శ్రీకాంత్ పుట్టుకతో అంధుడు. పదవ తరగతి తరువాత సైన్సు చదవడానికి అనుమతి లభించక న్యాయస్థానానికి వెళ్లవలసివచ్చింది. అనుమతి వచ్చిన పిమ్మట 98 శాతం మార్కులు తెచ్చుకొని, అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివి, 2012లో సొంత పరిశ్రమ స్థాపించాడు. సైన్సును గ్రహించగల మెదడు అతనికి అనుమతికి ముందూ ఉన్నది. కోర్టుకు వెళ్లలేని పిల్లలు మన గ్రామాలలో ఎందరో!

మన రెండు భాషల పత్రికకు తగిన విశేషం ఒకటి ఉన్నది. 1951లో ఏర్పడిన భారతీ బ్రెయిలీలో తెలుగుకూ ఉర్దూకూ అవే ఆరు చుక్కలు. కుడినుండి ఎడమకు వ్రాసే ఉర్దూను సైతం ఆ లిపిలో ఎడమనుండి కుడికే చదువుతారు. కాని మన గ్రంథాలయంలో ఏ భాషదైనా బ్రెయిలీ పుస్తకం ఒక్కటి కానరాదు.

ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థలు వికలాంగులకు 5 శాతానికి తగ్గకుండా సీట్లు కేటాయించాలని 2016 నాటి చట్టం చెప్పుచున్నది. సీటు ఇచ్చి పుస్తకం ఇవ్వకుంటే ప్రయోజనమేమి? కొన్ని బ్రెయిలీ పుస్తకాలు, పాఠాలు చదివి రికార్డు చేయు విద్యార్థులు, పరీక్షకు ఒక లేఖకుడు – ఈ మూడింటిని వచ్చే ప్రవేశాల లోపుననే సమకూర్చవలసిందిగా కళాశాల కమిటీవారిని కోరుచున్నాము. పాఠాలు చదివే పనికి మా పేర్లు ముందుగా వ్రాసుకొనవచ్చును.