లక్ష్మణరావుగారి జీవితము - గొలుగొండకు గుణపాఠము

గొలుగొండ సీమలోని కృష్ణదేవిపేట నెఱుగని యాంధ్రు లరుదు. 1922వ సంవత్సరము ఆగష్టు 23వ తేదీన అల్లూరి సీతారామరాజు అచ్చటి పోలీసు ఠాణాపై దాడి సలిపెను. 1924 మే 7వ తేదీన అసువులు బాసిన యావీరుని సమాధియు నచ్చటనే కలదు. సమాధికి పూలమాలలు పడుచున్నవి, ఉపన్యాసములు సాగుచున్నవి. సంతోషమే. కాని యాతని వెంట నడచిన మన్యపు ప్రజల చరిత్ర మెక్కడ నున్నది? అధికభాగము పోలీసు నివేదికలలోను, రెవెన్యూ దస్తరములలోను నున్నది. 1882వ సంవత్సరపు అడవి చట్టమువలన పోడు పోగొట్టుకొని, వెట్టిచాకిరికి లోబడి విసిగినవారి పోరాటమునకు దొరతనమువారు పెట్టిన పేరు పితూరి. పాలించినవాని కలమునుండి తన కథను తాను తెలిసికొనవలసి వచ్చుటకంటె జాతికి వేఱు దైన్య మేమున్నది?

ఈ దైన్యమును గుర్తించి, దానిని తొలగించుటకే జీవితమును ధారపోసిన మహనీయుడు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు. 1877లో పెనుగంచిప్రోలున జన్మించిన వీరు మునగాల సంస్థానమున దివానుగా నుండియు నుద్యోగముతో తృప్తిపడి యూరకుండలేదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనకు తోడ్పడిరి. 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పి, చరిత్రము, జీవితచరిత్రము, ప్రకృతిశాస్త్రము తెలుగువాని యింటికి చేర్చిరి. చిలుకూరి వీరభద్రరావుగారి 'ఆంధ్రుల చరిత్రము' వెలువడినది ఆ మండలి పక్షముననే. శాసనముల సాక్ష్యము లేనిదే చరిత్ర నిలువదని వీరి నిశ్చయము.

అయినను ఒక విషయము దాచరాదు. వీరు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞానసర్వస్వము మూడు సంపుటములు వెలువడి, అకారముకడనే నిలిచిపోయెను. 1923 జూలైలో, నలువదియాఱేండ్ల ప్రాయమున, వీరు కాలధర్మము నొందిరి. మన్యమున నింకను పోరు సాగుచున్న దినము లవి. గొలుగొండను గూర్చి వ్రాయవలసిన గకారము వారి చేతికి రానేలేదు. ఒక్కని భుజములపై నిలిచిన పని యొక్కనితో నాగినది. పదిమంది కూడి నిలిపిన భాషానిలయము నేటికిని నిలిచియున్నది. వారి పేర వెలసిన లక్ష్మణరాయ పరిశోధకమండలి 1935లో 'తెలంగాణా శాసనములు' ప్రకటించినది.

కావున గొలుగొండ, నర్సీపట్నముల పఠనాలయములవారికి మా విన్నప మిది. మఱియొక మహాపురుషునికై యెదురుచూడకుడు. పదిమంది సంఘముగా కూడి మన్యపు గ్రామములకు వెళ్లుడు. వృద్ధులు చెప్పినది వారి మాటలలోనే వ్రాసికొనుడు; చెప్పినవారి పేరు, ఊరు, తేదీ తప్పక చేర్చుడు. పాత కాగితములకు నకళ్లు తీసి పఠనాలయములందు భద్రపఱచుడు. విన్నదానిని దస్తరములతో సరిచూడుడు. మనవారి మాట యైనంత మాత్రమున నిజమని నమ్మరాదు. 1922ను కన్నులార చూచినవారు గతించిరి. వారినుండి విన్నవారును ఒక్కొక్కరుగ రాలిపోవుచున్నారు. ఈ తరమువా రలసత్వము వహించినచో, రేపటి బిడ్డలకు దస్తరపు మాట యొక్కటియే మిగులును.