చెవిలో గుండె మీటరు: సంఘం డబ్బుతో ఎందుకు?



మన షోలాపూర్ సంఘం గ్రూపులో వారం రోజులుగా ఒకటే ముచ్చట. ఈసారి నడక పోటీలో గెలిచిన పదిమందికి కప్పులు, శాలువాలు వద్దట. గుండె వేగం చూపించే వైర్‌లెస్ హెడ్‌ఫోన్లు ఇవ్వాలట. "కప్పు అల్మారాలో దుమ్ము పట్టి పోతుంది, ఇదైతే రోజూ వాడుకుంటరు" అని ఒక తమ్ముడు రాశాడు. మాట వినసొంపుగానే ఉంది. కిందనే వరుసగా బొటనవేళ్లు లేచాయి. మేము ఐదారుగురం మాత్రం లేపలేదు. ఎందుకని అడిగితే గ్రూపులో రెండు ముక్కల్లో చెప్పాం. గొడవ తప్ప ఏం మిగల్లేదు. అందుకే ఇక్కడ నిదానంగా రాస్తున్నాం. ఓపిక పట్టి చదవండి. తప్పుంటే దిద్దండి.

మమ్మల్ని పాతకాలపు వాళ్లని కొట్టిపారేయకండి. మాలో ఒకరు రోజూ చేతి వాచీలో గుండె వేగం చూసుకుంటారు. ఇద్దరు ఛాతీకి పట్టీ కట్టుకుని పరుగెత్తుతారు. వస్తువు మీద మాకు కోపం లేదు. సొంత డబ్బుతో కొనుక్కునేవారిని అడ్డుకునే హక్కు మాకు లేదు. మా అభ్యంతరమల్లా ఇవి సంఘం డబ్బుతో, సంఘం పేరు మీద, "ఆరోగ్య బహుమతి" అని చెప్పి ఇవ్వడం మీదే.

అసలు ఆ వస్తువు ఏం చేస్తుందో ముందు చూద్దాం. చెవిలో పెట్టుకునే మొనలో చిన్న దీపం, దాని పక్కనే వెలుగును పట్టే కన్ను ఉంటాయి. దీపం చర్మంలోకి వెలుగు పంపుతుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ రక్తం పెరిగి తగ్గుతుంది, దానితో పాటే తిరిగివచ్చే వెలుగూ మారుతుంది. ఆ మార్పును లెక్కపెట్టి నిమిషానికి ఇన్ని అని చెబుతుంది. వాచీల్లో ఉన్న పద్ధతే ఇది. ఆపిల్ ఎయిర్‌పాడ్స్ ప్రో 3లో కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు సెకనుకు 256 సార్లు మిణుకుతుందని కంపెనీ చెబుతోంది. పవర్‌బీట్స్ ప్రో 2లో సెకనుకు 100 సార్లకు పైనే.

చెవి మంచి చోటన్న మాట నిజమే, ఒప్పుకుంటాం. అక్కడి చర్మం పలుచన, రక్తం బాగా ఆడుతుంది. మణికట్టులా అది ఊగదు, వంగదు. బరువులెత్తేటప్పుడు పిడికిలి బిగిస్తే వాచీ లెక్క తప్పుతుంది, చెవికి ఆ బాధ తక్కువ. అయితే అది చెవిలో బిగుతుగా కూర్చుంటేనే ఈ లాభమంతా. మొన వదులైతే పక్క వెలుగు లోపల దూరుతుంది. పరుగులో అది అదురుతుంటే కొన్నిసార్లు గుండెను వదిలేసి మన అడుగుల్నే లెక్కపెడుతుంది. నిమిషానికి 160 అడుగులు వేస్తుంటే గుండె కూడా 160 అని చూపిస్తుంది. చూసినవాడు అదే నిజమనుకుంటాడు. ఒక్కో మనిషి చెవి ఒక్కో తీరు. ఇచ్చిన మూడు నాలుగు సైజుల రబ్బరు మొనల్లో ఏదో ఒకటి పడితే పడినట్టు, లేకుంటే లేదు. ఎవరు గెలుస్తారో తెలియని పోటీకి, ఎవరి చెవికి పడుతుందో తెలియని వస్తువును పదికి పది ముందే కొని పెడతామంటే ఇదేం తెలివి?

ఇక అసలు సంగతి. గెలిచేవాళ్లు కుర్రాళ్లే కారు. మన పోటీలో అరవై దాటినవారికి వేరే వరుస ఉంది, వాళ్లలోనే ఉత్సాహం ఎక్కువ. పోయిన ఎండాకాలం జరిగింది మాలో చాలామందికి తెలుసు. మన నడక జట్టులో ఒక కాక కొడుకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వచ్చాడు. "మీ వేగం సరిపోవడం లేదు, పెంచండి" అని చెవిలో యాప్ గొంతు. కాక పెంచాడు. మళ్లీ అదే మాట. మళ్లీ పెంచాడు. మూడో చుట్టులో కళ్లు తిరిగి గట్టు మీద కూలబడ్డాడు. నీళ్లు తాగించి, ఆటోలో ఇంటికి చేర్చాం. దేవుడి దయవల్ల ఏం కాలేదు. డాక్టరు దగ్గర తెలిసింది: కాక రక్తపోటుకు వేసుకునే గోళీ బీటా బ్లాకర్ జాతిది. మెటోప్రొలాల్, అటెనొలాల్, బిసొప్రొలాల్ లాంటివి గుండె వేగాన్ని అదుపులో పెడతాయి. మనిషి ఎంత కష్టపడ్డా అంకె పైకి ఎక్కదు. ఆయన ఒళ్లు అలిసిపోతుంటే యంత్రానికి బద్ధకం కనిపించింది. అది తప్పుగా కొలవలేదు, సరిగ్గానే కొలిచింది. ఆ అంకె ఎవరిదో, ఆ మనిషి ఏ మందు మింగుతున్నాడో దానికి తెలియదు. తప్పంతా అక్కడుంది.

ఆ "సరిపోవడం లేదు" అనే తీర్పు ఎక్కడి నుంచి వస్తుంది? చాలా యాప్‌లు వయసును 220లోంచి తీసేసి, గుండె గరిష్ఠ వేగం అదేనంటాయి. 2001లో వచ్చిన ఇంకో లెక్క ఉంది: వయసును 0.7తో గుణించి 208లోంచి తీసేయాలి. నలభై ఏళ్లవారికి రెండు లెక్కల్లోనూ 180 వస్తుంది. డెబ్బై ఏళ్లవారికి మొదటి లెక్కలో 150, రెండో లెక్కలో 159. ఇవన్నీ గుంపుకు సరాసరిలే. ఒకే వయసున్న ఇద్దరి మధ్య పది పన్నెండు బీట్ల తేడా మామూలు. మందు వాడేవారికి రెండు లెక్కలూ పనికిరావు. అలాంటి అంకె మీద నిలబడి ఒక గొంతు మన పెద్దల చెవిలో ఆజ్ఞలు వేస్తుంటే, దాన్ని కొనిచ్చింది మన సంఘమే అయితే, కూలబడ్డ మనిషి ఇంటికి ఏ మొహం పెట్టుకుని పోతాం?

ఇంకా ఉంది. మనలో ఎక్కువమందిని బాధపెట్టేవి రక్తపోటు, షుగరు. గుండె వేగం ఈ రెంటిలో దేన్నీ చెప్పదు. 72 అని చక్కటి అంకె చూపిస్తుంటే లోపల రక్తపోటు 180 ఉండొచ్చు. అంకె బాగుంది కదా అని గోళీ మానేసే మనుషులు మన గల్లీల్లో లేరంటారా?

ఇప్పుడు చెవుల మాట. ఇది రాసేటప్పుడు మాకు మనసు కలుక్కుమంటుంది. మన తాతలు నిజాం రాజ్యంలోని ఊళ్లు వదిలి మగ్గం పనికి ఈ షోలాపూర్ వచ్చారు. చేతిమగ్గం పోయి మరమగ్గం వచ్చింది. ఈ ఊరి చాదర్లు, టవల్లు దేశమంతా తిరిగాయి. నేసినవాళ్ల చెవులు మాత్రం కార్ఖానాలోనే పోయాయి. మన ఇళ్లలో బాపు దగ్గర గట్టిగా అరిచి మాట్లాడడం చిన్నప్పటి నుంచి అలవాటే కదా! అది వయసు అనుకున్నాం. అది సాంచల చప్పుడు. రోజుకు పది పన్నెండు గంటలు, ఏళ్ల తరబడి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ చప్పుడు వారానికి 40 గంటల వరకు వినొచ్చు. 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలే. జిమ్‌లో స్పీకర్ల హోరును మించి వినబడాలని మన పిల్లలు హెడ్‌ఫోన్లో వాల్యూమ్ ఎంత పెడుతున్నారో ఒక్కసారి పక్కన నిలబడి చూడండి. బాపులకు కూలి కోసం చెవులు పోయాయి, వేరే దారి లేక. పిల్లలకు ఉత్తపుణ్యానికి పోవాలా, అదీ సంఘం బహుమతితో?

రోడ్డు సంగతి చెప్పనే అక్కర్లేదు. తెల్లారుజామున అశోక్ చౌక్ వైపు నుంచి సిద్ధేశ్వర్ చెరువు దాకా నడిచేవాళ్లకు తెలుసు, వెనక నుంచి ట్రక్కు, పక్క నుంచి రిక్షా, గల్లీలోంచి కుక్కలు. చెవి మూసుకుపోయేలా మొన దిగితే తప్ప ఈ గుండె మీటరు సరిగ్గా చెప్పదు. చెవి మూసుకుంటే హారన్ వినబడదు. బయటి చప్పుడు లోపలికి వదిలే ఏర్పాటు ఖరీదైనవాటిలో ఉంది నిజమే, కానీ అది ఆన్ చేశారా లేదా అని అరవై అయిదేళ్ల వదినెను రోజూ ఎవరు అడుగుతారు?

ధర చూడండి. ఎయిర్‌పాడ్స్ ప్రో 3 మన దేశంలో 25,900 రూపాయలకు, పవర్‌బీట్స్ ప్రో 2 29,900కు విడుదలయ్యాయి. పది జతలంటే రెండున్నర లక్షలు దాటుతుంది. పైగా ఎయిర్‌పాడ్స్‌లో గుండె లెక్క కనబడాలంటే ఐఫోన్ ఉండాలి. మనలో ఎందరికి ఉంది? బీడీలు చుట్టే అక్క పోటీలో గెలిస్తే ఆమెకు ఈ డబ్బా ఇచ్చి ఏం చెబుతాం, ఇంక ఫోన్ కూడా కొనుక్కోమనా? తక్కువ ధరవి తెద్దామంటారు కొందరు. ఆ అంకెను ఎవరు పరీక్షించారో తెలియకుండా కొని ఇస్తే మొదటికే మోసం.

ఎన్నాళ్లు పనిచేస్తాయి? వీటి బ్యాటరీ లోపల అతికి ఉంటుంది, మనం మార్చుకోలేం. రెండు మూడేళ్లలో అది నీరసపడితే వస్తువు మొత్తం చెత్తబుట్టకే. కంపెనీల మాట కూడా చూశాం. బోస్ 2016లో సౌండ్‌స్పోర్ట్ పల్స్ అని ఇలాంటిదే తెచ్చింది, ఇప్పుడు తయారు చేయడం లేదు. గుండె లెక్కతో మొదట్లోనే ముందుకొచ్చిన జాబ్రా, ఎలైట్ వరుసనే ముగిస్తున్నట్టు 2024లో ప్రకటించింది. యాప్ మీద ఆధారపడిన వస్తువుకు ఆయుష్షు మన చేతిలో లేదు. కప్పు కనీసం అల్మారాలో ఉంటుంది.

"అయితే కొనుక్కోవాలనుకునేవాళ్లు ఎలా ఎంచుకోవాలి?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. సొంత డబ్బుతో కొనే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా మాట ఇది. దుకాణంలో చెవిలో పెట్టుకుని తల ఊపి, గెంతి చూడండి. కదిలితే వద్దు. మీ ఫోన్‌తో, మీరు వాడే యాప్‌తో గుండె లెక్క పనిచేస్తుందో లేదో అక్కడే తేల్చుకోండి. పాట ఒక్కటి వస్తే సరిపోదు. చెమటకు కనీసం ఐపీఎక్స్4 ఉండాలి. గుండె లెక్క ఆన్ చేస్తే బ్యాటరీ ఎంత తగ్గుతుందో అడగండి. తెచ్చాక మొదటి వారం మీ చేత్తో సరిచూసుకోండి: చూపుడు వేలు, మధ్య వేలు మణికట్టు మీద పెట్టి 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. బొటనవేలు వాడొద్దు, దానికి దాని నాడి ఉంటుంది. కచ్చితమైన లెక్క కావాల్సిన పరుగువీరులు ఛాతీ పట్టీ కొనుక్కోండి. అది వెలుగుతో కాదు, గుండె విద్యుత్తుతో కొలుస్తుంది. ఫిన్లాండ్‌కు చెందిన పోలార్ 1982 నుంచి ఈ పనిలో ఉంది. రోడ్డు మీద పాట కావాలంటే చెవి మూయని రకం తీసుకోండి.

సంఘానికి మా సూచన వేరు. అదే డబ్బులో పదోవంతు తీయండి. దండకు కట్టే మంచి రక్తపోటు మిషన్లు రెండు మూడు వేలకు వస్తాయి. పది కొని, సంఘం హాల్లో ఒకటి, వార్డుకు ఒకటి చొప్పున పెట్టండి. చూడడం నేర్చిన పిల్లలు ఆదివారం పూట పెద్దలకు చూసి కాగితం మీద రాసిపెట్టాలి. పరుగెత్తే కుర్రాళ్ల కోసం రెండు ఛాతీ పట్టీలు కొనండి, వంతులవారీగా వాడుకుంటారు. మిగిలిన డబ్బులో సాంచల మీద పనిచేసినవాళ్లకు చెవి పరీక్ష చేయించండి. గెలిచినవాళ్లకు కప్పే ఇవ్వండి. నారళీ పున్నమ రోజు మార్కండేయ స్వామి రథం ముందు పదిమందిలో అందుకున్న కప్పు విలువ ఆ తమ్ముడికి ఇంకా తెలియదు, పాపం.

నడకకు మీటరు కావాలా? డాక్టర్లు చెప్పే సులువైన కొలత ఒకటుంది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అంటే వేగం సరిగ్గా ఉన్నట్టు. ఇలా రోజుకు అరగంట, వారానికి అయిదు రోజులు నడిస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 150 నిమిషాలు పూర్తవుతాయి. ఈ కొలతకు కావలసింది పక్కన ఒక మనిషి.

ఆ పక్క మనిషి కోసమే ఇంత రాశాం. మన పిల్లలు బడిలో మరాఠీ, ఆఫీసులో హిందీ, ఫోన్‌లో ఇంగ్లీషు. పొద్దున చెరువు చుట్టూ నడిచే ఆ నలభై నిమిషాల్లోనే కాకతో, వదినెతో, తమ్ముడితో తెలుగు మాట్లాడుతున్నాం. ఎవరింట్లో పెళ్లి, ఎవరికి పని పోయింది, ఎవరి మనవడికి జ్వరం, అన్నీ అక్కడే తెలుస్తాయి. ఆ రోజు కాక కూలబడ్డప్పుడు వెనక వస్తున్న ఇద్దరు చెవుల్లో హెడ్‌ఫోన్లతో ఆయనను దాటిపోయారు. ఆయన పిలిచాడు. వాళ్లకు వినబడలేదు. వాళ్లు చెడ్డవాళ్లు కారు, మన పిల్లలే.

వచ్చే సమావేశంలో ఈ విషయం చేతులెత్తి తేల్చాలని కోరుతున్నాం. మా మాట నచ్చనివాళ్లు కూడా రండి, ఎదురుగా చెప్పండి, వింటాం. చెవులు తెరిచే ఉన్నాయి.

జై మార్కండేయ.