తొమ్మిదికి గేటు వేస్తే వేయనీ

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్ళే దారిలో మన్ననూరు దగ్గర అటవీశాఖ గేటు రాత్రి 9కి పడుతుంది, పొద్దున 6కి లేస్తుంది. అవతల దోర్నాల వైపూ అదే పద్ధతి. మా కుర్ర రైడర్లకి ఈ గేటంటే ఒళ్ళుమంట. నైట్ రైడ్ సరదా పోయిందని, ఉన్న రెండ్రోజుల సెలవూ దీనికే సరిపోతోందని సణుగుడు. నేను మాత్రం గేటు పక్షమే.

మాది శ్రీకాకుళం వైపు. నల్లమల నాకు కొత్త. నా బండి పాత స్ప్లెండరు. దాంతో లాంగ్ రైడేమిటని ఆఫీసులో నవ్వారు, నవ్వనీ. తెలిసిన రోడ్డయితే ఏ మలుపులో ఇసుక ఉంటుందో, ఏ ఊరి మొదట్లో స్పీడు బ్రేకరుందో ఒంటికే తెలుసు. కొత్త చోట ప్రతి మలుపూ కళ్ళతో చూసుకుని తిరగాల్సిందే. మన్ననూరు దాటాక అటూ ఇటూ అమ్రాబాద్ టైగర్ రిజర్వే, 2,611 చదరపు కిలోమీటర్లు. వటవర్లపల్లి ఇవతల, పట్టపగలు, ఒక మలుపు తిరిగేసరికి రోడ్డు నడిమధ్య తల్లికోతి. పొట్టకి పిల్ల. ముందు వెళ్ళిన కారువాళ్ళు పారబోసిన మరమరాలు ఒక్కొక్కటే ఏరుకుంటోంది. హారన్ కొడితే తలెత్తి చూసి, మళ్ళీ పనిలో పడింది. (పుణ్యం కారువాళ్ళది, చావు కోతిది.) ఈగలపెంట దాటాక కృష్ణ వైపు దిగే ఘాట్‌లో ఇంకో సంగతి. బండి మలుపు తిరిగేలోపు హెడ్‌లైటు నేరుగా లోయలోకే పోతుంది. చీకట్లో అక్కడ దుప్పి నిలబడితే కనబడేదెప్పుడు?

నన్నడిగితే ప్రమాదం గేటుతో కాదు, గేటు అందుకోవాలన్న పరుగుతో. చీకటి పడ్డాక కల్వకుర్తి దాటిన బళ్ళ తీరు చూడండి. మన్ననూరులో టీకొట్టు పెద్దాయన అన్నాడు: "ఎనిమిదిన్నర అయ్యిందంటే రోడ్డు దాటాల్నంటే మాకే బుగులైతది సార్." నా ఫోనులో దారి చెప్పే గొంతు గంటలు లెక్కకట్టిందే గాని గేటు ఊసెత్తలేదు.

గేటు వేళలు గేటు దగ్గరే రాస్తే ఏం లాభం? కడ్తాల్ దగ్గర, కల్వకుర్తి దగ్గర, డిండి ప్రాజెక్టు దగ్గర పెద్దక్షరాలతో బోర్డులు పెట్టాలి. ఫలానా వేళ దాటితే ఈ రాత్రికి ఇక్కడే ఆగమని చెప్పాలి. ఆగినవాడికి మన్ననూరులోనే చౌకగా ఓ మంచం దొరకాలి. బైకు మీద వచ్చేవాడికి రిసార్టు అక్కర్లేదు. బండి కళ్ళెదుట పెట్టుకునే చోటు, తడిసిన జాకెట్ ఆరేసుకోడానికో దండెం ఉంటే చాలు. ఆ ఊరి కుర్రాళ్ళకీ నాలుగు డబ్బులొస్తాయి.

ఈ అడవి మీదుగా ఎలివేటెడ్ కారిడార్ వేసే ప్రతిపాదన ఉందంటున్నారు. అది ఎప్పటికవుతుందో గాని, బోర్డులకి నాలుగు రేకులూ ఓ డబ్బా రంగూ చాలు. వచ్చే వానాకాలం లోపే పెట్టొచ్చు.