డబ్బు కట్ అయింది.. షాపుకి రాలేదు! అసలు తిరకాసు ఆ నంబర్‌లోనే

పెడన: కలంకారీ చీర కొన్నారు. క్యూఆర్ స్కాన్ చేశారు. మీ ఖాతాలో రూ.1,200 కట్ అయ్యాయి. షాపులో సౌండ్ బాక్స్ మాత్రం నోరు విప్పలేదు. మీరు ఫోన్ చూపిస్తారు. షాపాయన "నాకు రాలేదండీ" అంటాడు. ఇద్దరూ చెప్పేది నిజమే. మరి డబ్బు ఎక్కడున్నట్టు?

ఒకటే పేమెంట్.. మూడు చిట్టాలు
ఈ పేమెంట్ మీ బ్యాంకులో, ఎన్‌పీసీఐలో, షాపు బ్యాంకులో వేర్వేరుగా నమోదవుతుంది. ఈ మూడూ ఒక్కటే అని చెప్పేది ట్రాన్సాక్షన్ ఐడీ. అది తేడా వస్తే లెక్క కుదరదు. అందుకే అక్షరాలు, అంకెలు తప్ప స్పెషల్ క్యారెక్టర్లు ఉన్న ఐడీలను 2025 ఫిబ్రవరి 1 నుంచి రిజెక్ట్ చేస్తామని ఎన్‌పీసీఐ చెప్పింది. ఈ ఐడీని తయారుచేసేది యాప్, బ్యాంకు. మన చేతుల్లో ఏమీ లేదు.

సర్వర్లలోనూ ఇదే గొడవ
మెయిన్ సర్వర్‌లో పడిన ఎంట్రీని మరో సర్వర్‌లోకి కాపీ చేయడమే రెప్లికేషన్. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ 5.6 వెర్షన్ నుంచి ప్రతి ఎంట్రీకీ జీటీఐడీ అనే నంబర్ ఇచ్చే వీలుంది. చూసిన నంబరే మళ్లీ వస్తే కాపీ సర్వర్ దాన్ని వదిలేస్తుంది. ఒకే ఎంట్రీ రెండుసార్లు పడకుండా కాపాడేది ఇదే. కానీ పొరపాటున పాత నంబర్ కొత్త ఎంట్రీకి వెళ్లిందా.. అది కూడా చప్పుడు లేకుండా పోతుంది! ప్రతి పెండింగ్ పేమెంట్‌కీ ఇదే కారణమని కాదు. కానీ నంబర్ ఎంత ముఖ్యమో దీన్నిబట్టే తెలుస్తుంది.

నష్టం ఎవరికి?
2019 సెప్టెంబర్ 20 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం, షాపుకు కన్ఫర్మేషన్ అందని యూపీఐ పేమెంట్ 5 రోజుల్లోగా కస్టమర్‌కు ఆటోమేటిక్‌గా వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు రూ.100 పరిహారం. ఫిర్యాదు చేయకపోయినా ఇవ్వాల్సిందే. వ్యక్తుల మధ్య పంపిన డబ్బుకైతే గడువు ఒక్క రోజే.

ఇక్కడే అసలు పాయింట్. డబ్బు తిరిగొచ్చేది కస్టమర్‌కి. స్క్రీన్‌షాట్ నమ్మి చీర ఇచ్చేసిన షాపాయన చేతికి ఏమీ రాదు. రూల్ కస్టమర్‌ని కాపాడింది, చిన్న వ్యాపారిని మాత్రం నమ్మకానికే వదిలేసింది.

ఇలా చేయండి
కంగారుపడి వెంటనే రెండోసారి పే చేయొద్దు. యాప్ హిస్టరీలో 12 అంకెల రిఫరెన్స్ నంబర్ ఉంటుంది. దాన్ని మీరూ, షాపాయనా రాసిపెట్టుకోండి. బ్యాంకులో అడిగేది స్క్రీన్‌షాట్ కాదు, ఆ నంబరే. డబ్బు వెనక్కి వస్తే మాత్రం.. చీర మీ దగ్గరే ఉందని మర్చిపోకండి!