ఒక్క పన్ను... ఎన్ని రంగులు!

క్లోజప్పులో హీరోయిన్ నవ్విందంటే హాలంతా ఈలలే! ఆ నవ్వు వెనక పళ్ల డాక్టరు చెయ్యి కూడా ఉండొచ్చని ఎప్పుడైనా అనుకున్నారా? 1930లలో హాలీవుడ్‌లో చార్లెస్ పింకస్ అనే దంతవైద్యుడు తారల పళ్ల మీద పల్చటి తొడుగులు అంటించేవాడు. షూటింగ్ అయిపోగానే తీసెయ్యడమే! అప్పటివి చాలావరకు నలుపు తెలుపు చిత్రాలు కనుక కాంతి కలిస్తే చాలు, కాస్త రంగు తేడా ఉన్నా చెల్లిపోయేది. మన తొలి పూర్తి రంగుల చిత్రం 'లవకుశ' వచ్చింది 1963లో గదా!

బతుకు మాత్రం ఎప్పుడూ కలర్ సినిమాయే. ఇక్కడే, మా జంగారెడ్డిగూడెంలో, మా మేనకోడలు స్కూటీ మీంచి పడి ముందు పన్ను విరగ్గొట్టుకుంది. పింగాణీ తొడుగు వేయించారు. ట్యూబులైటు కింద అచ్చం పక్క పన్నే! గుర్వాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి గుడి ముందు ఎండలో ఫోటో తీస్తే ఆ ఒక్కటీ సున్నం కొట్టిన గోడలా తెల్లగా! అప్పట్నుంచీ పిల్ల చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వుతోంది. ముందేమో ఉద్యోగం ఇంటర్వ్యూలు.

తప్పెవరిది? సగం లైటుది. ఒక దీపం కింద ఒకేలా ఉన్న రెండు వస్తువులు ఇంకో వెలుతురులో వేరుగా కనిపిస్తాయి. మా పొగాకు రైతుకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. నిమ్మపసుపు ఆకుకీ గోధుమరంగు ఆకుకీ వేలంలో ఒకే ధర పలకదు మరి!

మిగతా సగం తొందరది. నోరు తెరిచి ఉంచితే పన్ను ఆరిపోయి అసలు కన్నా తెల్లగా కనబడుతుంది. అందుకే అరగదీయకముందే రంగు ఎంచాలి. డాక్టర్ల దగ్గరుండే పాత 'వీటా' నమూనా పళ్ల వరసలో 16 ఛాయలు. అయిదారు సెకన్లు చూసి కళ్లు తిప్పెయ్యాలి. తదేకంగా చూస్తే కన్ను అలిసిపోయి మోసం చేస్తుంది. ఎర్ర లిప్‌స్టిక్కూ, మిరుమిట్లు గొలిపే చీరా కూడా అంతే.

ఛాయ సరిగ్గా కుదిరినా, తొడుగు మరీ పల్చనైతే కింది నల్లబడ్డ పన్ను తొంగిచూస్తుంది. అంటించే సిమెంటు రంగు, కొలిమిలో ఎన్నిసార్లు కాల్చారన్నది కూడా లెక్కలోకొస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యం కాంతి. రంగులో చిన్న తేడా ఉంటే ఎదుటివాళ్లు గమనించకపోవచ్చు. కాంతి తగ్గినా పెరిగినా ఇట్టే పట్టేస్తారు. కళ్లు సగం మూసి చూడండి, తెలిసిపోతుంది. పింకస్ గారి నలుపు తెలుపు పాఠం ఇప్పటికీ పాతబడలేదన్నమాట!

కనుక అమ్మాయిలూ, అబ్బాయిలూ... పగటిపూట వెళ్లండి, మేకప్ లేకుండా. అంటించే ముందే అద్దం పుచ్చుకుని వాకిట్లోకొచ్చి చూసుకోండి. నచ్చకపోతే మొహమాటపడక అప్పుడే చెప్పెయ్యండి. సినిమాలో అయితే రీటేకు ఉంటుంది. ఇక్కడ రీటేకంటే సాధారణంగా తొడుగు కోసి తియ్యడమే!