వార్డెన్ సంతకం మన అమ్మానాన్నల సంతకం అవుద్దా?



"ఆదివాసులు టీకా అంటే పారిపోతారు, పరిశోధనలకు సహకరించరు" అనే మాట మనం వింటూనే ఉన్నాం. అట్లా అనేవాళ్లు 2009లో ఖమ్మం జిల్లాలో ఏం జరిగిందో ఒకసారి చదవాలి.

ఆ ఏడాది జూలైలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా మీద ఒక ప్రాజెక్టు మొదలైంది. అమెరికాకు చెందిన పాథ్ సంస్థ, ఐసీఎంఆర్, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసినయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు టీకాలు వేశారు. వాళ్లలో ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో చదివే మన చెల్లెళ్లు చాలామంది ఉన్నారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో గొడవ అయ్యి, 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చనే విచారణ కమిటీ చెప్పింది.

కానీ అసలు తప్పు కాగితాల్లో బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక చూడండి. ఖమ్మంలో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు! బిడ్డను చదువుకోమని పంపిన తల్లికి ఒక్కమాట చెప్పకుండా ఆమె బదులు ఇంకొకరు ఒప్పుకుంటే, అది అంగీకారం ఎట్లా అవుద్ది?

మిత్రులారా, నేను టీకాకు వ్యతిరేకం కాదు. ఆ టీకా ప్రాణాలు కాపాడేదే, మన ఆడపిల్లలకు అందాల్సిందే. పరిశోధన కూడా వద్దనట్లేదు. 2020 జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదిక ప్రకారం, రిజిస్ట్రీలు ఉన్న ప్రాంతాల్లో మగవాళ్లలో క్యాన్సర్ రేటు అన్నిటికంటే ఎక్కువ మిజోరాంలోని ఐజ్వాల్ జిల్లాలో, ఆడవాళ్లలో అరుణాచల్‌లోని పాపుంపరే జిల్లాలో. రెండూ గిరిజనులు ఎక్కువున్న జిల్లాలే. అక్కడ లెక్క రాసే రిజిస్ట్రీ ఉంది కాబట్టే ఆ సంగతి తెలిసింది. హైదరాబాద్‌లో ఉన్న అట్లాంటి రిజిస్ట్రీ మన ఏజెన్సీకి కూడా కావాలి.

అయితే రావాల్సిన పద్ధతిలో రావాలి. ముందు గ్రామసభలో చెప్పాలి. కోయలో, కొండరెడ్ల ఊళ్లో వాళ్లకు అర్థమయ్యే మాటలో చెప్పాలి. వద్దనే హక్కు ఉందని కూడా చెప్పాలి. తర్వాత ఏం తేలిందో మళ్లీ ఊరికొచ్చి చెప్పాలి.

నర్సింగ్, ఫార్మసీ, ఎంబీబీఎస్ చదువుతున్న అన్నలు, అక్కలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు! మన ఊరికి ఫారం పట్టుకొని ఎవరొచ్చినా ముందు మీరు చదవండి. పెద్దోళ్లకు చదివి వినిపించండి. వేలిముద్ర ఆ తర్వాతే.